పసిప్రాణములకు అండ: డాక్టరు సిడ్నీ ఫార్బరు

బిడ్డకు వచ్చిన జబ్బు నాలుగు దినములలో తగ్గిన, ఇంటివారు దానిని మఱచిపోవుదురు. ఏండ్ల తరబడి వెన్నాడు వ్యాధియైనచో తండ్రి సంపాదన, తల్లి నిద్ర, తోడి బిడ్డల చదువు అన్నియు ఆసుపత్రి చుట్టును తిరుగుచుండును. అట్టి బిడ్డకు మందొక్కటియే చాలదని గ్రహించి, తదనుగుణముగా ఆసుపత్రిని తీర్చిన వైద్యుడు సిడ్నీ ఫార్బరు.

ఆయన 1903 సెప్టెంబరు 30వ తేదీన అమెరికాలోని బఫెలో నగరమున జన్మించెను. పదునలుగురు సంతానములో మూడవవాడు. ఆ కాలమున యూదు యువకులకు అమెరికా వైద్యకళాశాలలలో ప్రవేశము దుర్లభము. అందుచేత జర్మనీలో చదువు నారంభించి, పిదప హార్వర్డులో చేరి 1927లో పట్టభద్రుడయ్యెను. బోస్టను పిల్లల ఆసుపత్రిలో పెథాలజిస్టుగా కుదిరెను. మృతదేహములను పరీక్షించి మరణకారణమును తేల్చుట ఆయన పని. ఎందఱో పసివారిని ప్రాణము పోయిన పిమ్మటనే ఆయన చూడవలసి వచ్చెను.

రక్తమును చెఱచు లుకేమియా ఆ దినములలో బిడ్డలను కొలది వారములలో, నెలలలో హరించుచుండెను. ఫార్బరు ఫోలిక్ ఆమ్లము నిచ్చి చూడగా వ్యాధి మఱింత ముదిరినట్లు తోచెను. ఆ ఆమ్లము వ్యాధిని పెంచునదైనచో, దాని కడ్డుపడు పదార్థము వ్యాధిని అణచవలెను గదా యని ఆయన తలచెను. అట్టి పదార్థములను లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేయించుచున్నవాడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అచటినుండి వచ్చిన అమినోప్టెరినును 16 మంది బిడ్డల కీయగా 10 మందికి గుణము కనిపించెను. 1948 జూనులో ఈ ఫలితములు వెలువడెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను.

కాని వ్యాధి మరల తిరుగబెట్టెను. మందు నోట పుండ్లు పుట్టించుచుండెను. చావు తప్పని బిడ్డను సూదులతో బాధించుటకంటె ప్రశాంతముగ పోనిచ్చుట మేలని తోడి వైద్యులు పలువురు ఆక్షేపించిరి. అది తేలికగ త్రోసివేయదగిన మాట కాదు. ఫార్బరు చికిత్సను మానలేదు. అయితే ఆ బాధను బిడ్డయు, తల్లిదండ్రులును ఒంటరిగా మోయరాదని నిశ్చయించెను. వైద్యులు, నర్సులు, ఆహారము చూచువారు, కుటుంబపు కష్టసుఖములు విచారించువారు ఒక్క కప్పు క్రింద కలసి పనిచేయవలెననియు, ధనము లేదని చికిత్స ఆగరాదనియు ఆయన సిద్ధాంతము. దీనినే సమగ్ర సంరక్షణ మనిరి.

ఇందులకు ధనము కావలసివచ్చెను. 1948 మే 22వ తేదీన, జిమ్మీ అను మాఱుపేరుగల పండ్రెండేండ్ల రోగి పడక ప్రక్కనుండి రేడియో ప్రసారము జరుగగా, ప్రజలు 2,31,000 డాలర్లకు పైగా పంపిరి. 1952లో చికిత్సాభవనము వెలసెను. ఆ బాలుడు కోలుకొని అఱువది యేండ్లు దాటి జీవించెను.

ఫార్బరు 1973 మార్చి 30వ తేదీన మరణించెను. ఆయన స్థాపించిన సంస్థ నేడు డానా-ఫార్బరు పేర నడచుచున్నది. పిల్లలలో తఱచు కనిపించు రకపు లుకేమియా సోకినవారిలో, తగిన వైద్యము లభించు దేశములలో, ఇప్పుడు పదింట తొమ్మండుగురు బ్రదుకుచున్నారు. అయినను చికిత్సకు రెండు మూడేండ్లు పట్టును. ఆ కాలమంతయు బిడ్డకు మందుతోపాటు ఆటయు, చదువును, అయినవారి సన్నిధియు కావలెను. మృతులను పరీక్షించు గదిలో జీవితము నారంభించిన ఫార్బరు, బ్రదుకుచున్న బిడ్డకు కావలసిన దేమో లోకమునకు తెలియజెప్పెను.