పక్షుల గొంతు తెలిసిన సలీం అలీ

భారతదేశంలో పక్షుల గురించి మాట్లాడేవారు ముందుగా తలచుకునే పేరు డాక్టర్ సలీం అలీ. 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా కుటుంబంలో ఆయన జన్మించారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి చనిపోయారు. అనాథలైన పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం చేరదీసి పెంచారు.

మేనమామకు వేట సరదా. అది సలీంకూ అబ్బింది. ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టి, హలాల్ చేసి వండించుకునేవారు. ఒకరోజు చేతికి వచ్చిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. దీన్ని తినవచ్చా, హలాలేనా అని సందేహం కలిగి మామకు చూపించారు. అదేం పక్షో మామకూ తెలియలేదు. ఆయన విసుక్కోకుండా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌కు ఉత్తరం రాసిచ్చి పంపారు. మిల్లార్డ్ ఆ పక్షి పేరు చెప్పి, బీరువాల్లో భద్రపరచిన వందలాది పక్షులను ఒక్కొక్కటే చూపించారు. సలీం జీవితం ఆ రోజే మలుపు తిరిగింది.

అయితే దారి సులభంగా సాగలేదు. బర్మాలో కుటుంబ వ్యాపారం చూసుకున్నారు. 1918లో తహ్మీనాను వివాహమాడారు. బొంబాయి మ్యూజియంలో గైడుగా పనిచేశారు. బెర్లిన్ వెళ్లి స్ట్రెస్‌మాన్ అనే గొప్ప శాస్త్రవేత్త వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి డబ్బు లేదన్న కారణంతో ఆ ఉద్యోగమే రద్దయింది. భార్యాభర్తలు సముద్రతీరంలోని కిహిం గ్రామానికి చేరారు. అక్కడ ఆయన గిజిగాళ్ల గూళ్లను నెలల తరబడి గమనించారు. మగ పక్షి గూళ్లు అల్లుతుందనీ, ఆడ పక్షి వచ్చి నచ్చిన గూటిని ఎంచుకుంటుందనీ కళ్లారా చూసి రాశారు. చంపిన పక్షిని కొలవడం కంటే బతికున్న పక్షిని గమనించడమే అసలు చదువని ఆ పరిశీలన చాటింది.

1931లో నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాద్ రాజ్యంలోని పక్షుల సర్వే చేపట్టారు. జీతం అడగలేదు, ఖర్చులిస్తే చాలన్నారు. అడవుల్లో గుడారాలు వేసుకుని తిరిగిన ఆ రోజుల్లో తహ్మీనా ఆయన వెంటే ఉన్నారు. 1939లో శస్త్రచికిత్స తర్వాత ఆమె మరణించడం ఆయనకు తీరని లోటు. ఆ బాధలోనూ పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షులపై ఆయన రాసిన పుస్తకం వెలువడింది. అందులో ప్రతి పక్షి రూపుతో పాటు దాని కూతనూ అక్షరాల్లో పట్టి చెప్పడానికి ప్రయత్నించారు. పొదలో దాగిన పక్షి కంటికి చిక్కకపోయినా చెవికి చిక్కుతుందని ఆయనకు బాగా తెలుసు.

మన కడప జిల్లా కలివికోడి కథ ఇందుకు గొప్ప ఉదాహరణ. 1900 తర్వాత ఆ పక్షి జాడ లేదు. సలీం అలీతో సహా ఎందరు వెతికినా దొరకలేదు. చివరకు 1986 జనవరిలో, స్థానిక వేటగాడి సాయంతో, ఆయన ప్రాణంగా చూసుకున్న సొసైటీ పరిశోధకులే దాన్ని కనుగొన్నారు. ఆ శుభవార్త విన్న మరుసటి ఏడాది, 1987లో, ఆయన కన్నుమూశారు. అప్పటికి పద్మవిభూషణ్ పురస్కారం, రాజ్యసభ సభ్యత్వం ఆయనను వరించాయి.

కలివికోడి రాత్రిపూట తిరుగుతుంది. పొద్దుగూకాక కొద్దిసేపే పిలుస్తుంది. అందుకే తర్వాతి పరిశోధకులు టేపులో దాని పిలుపు వినిపించి, బదులు వస్తుందా అని చెవులు రిక్కించి వెతికారు. ఆపైన చాలా ఏళ్లు మళ్లీ జాడ లేదు. 2025 ఆగస్టులో పక్షి ప్రియులు దాని పిలుపును రికార్డు చేయడంతో ఆశ చిగురించింది.

ఇప్పుడు అడవిలో చెట్టుకు కట్టి వదిలేసే చిన్న రికార్డర్లు వచ్చాయి. బ్యాటరీతో నడిచే ఈ యంత్రం నిర్ణయించిన వేళల్లో తనంతట తానే మేల్కొని, వారాల తరబడి శబ్దాలను నమోదు చేస్తుంది. ఆ గంటల కొద్దీ ధ్వనిని కంప్యూటర్ బొమ్మలుగా మార్చి, ఏ కూత ఏ పక్షిదో వెతుకుతుంది. ఏటా అదే చోట, అదే కాలంలో రికార్డు చేస్తే ఏ గొంతు తగ్గుతోందో, ఏది మాయమవుతోందో తెలుస్తుంది. మనిషి అడుగుల చప్పుడుకు బెదిరే పక్షులూ దీని ముందు బెదరవు.

కానీ కూతలు వినబడనంత మాత్రాన పక్షి లేదని కాదు. అది మౌనంగా ఉండవచ్చు, గాలివాన హోరు కూతను మింగేయవచ్చు. పైగా ఎవరో ఒకరు ముందుగా విని, ఇది ఫలానా పక్షి అని చెప్పిన కూతనే కంప్యూటర్ గుర్తుపట్టగలదు. ఆ చెప్పేవారు కావాలంటే, సలీం అలీలా తెల్లవారుజామున లేచి, పొదల పక్కన ఓపికగా కూర్చునే పిల్లలు మన ఇళ్లలోనూ తయారుకావాలి.