ఇల్లరికం వెళ్లిన ఇంగ్లీషు మాస్టారు

పెళ్లయితే ఇంటిపేరు మారేది ఆడపిల్లకే. మనకది ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా పుట్టింటి పేరుతో పిలిస్తే ఒక్క క్షణం పలకడం మర్చిపోతాం. అలాంటిది ఒక మగవాడు, అందులోనూ పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న తెల్లదొర, భార్యాబిడ్డల కోసం తన పేరునీ, తన దేశాన్నీ కూడా వదులుకున్నాడంటే నమ్ముతారా? ఆయన పేరు లాఫ్కాడియో హెర్న్. జపాన్ వెళ్లి పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికిన మాస్టారు.

ఆయన బాల్యం వింటే కడుపు తరుక్కుపోతుంది. 1850 జూన్ 27న లెఫ్కాడా అనే గ్రీకు దీవిలో పుట్టాడు. తల్లి రోజా గ్రీకు స్త్రీ. తండ్రి ఐర్లండుకు చెందిన సైనిక వైద్యుడు. రెండేళ్ల పిల్లాణ్ణి చంకనేసుకుని అత్తవారి ఊరు డబ్లిన్ చేరిన రోజాకి అక్కడి చలీ పడలేదు, మనుషులతో పొత్తూ కుదరలేదు. పిల్లాడికి నాలుగేళ్లప్పుడు వాణ్ణి అక్కడే వదిలి గ్రీసుకి వెళ్లిపోయింది. తల్లీకొడుకులు మళ్లీ కలుసుకోనేలేదు. తండ్రి వేరే పెళ్లి చేసుకున్నాడు. నాయనమ్మ తోబుట్టువు ఒకావిడ చేరదీసి పెంచింది.

పదహారేళ్ల వయసులో స్కూల్లో ఆడుకుంటుంటే తాడు ముడి వచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది. అందుకే ఏ ఫొటోలో చూసినా ఆయన ముఖం పక్కకి తిప్పుకునో, తల దించుకునో ఉంటాడు. పెంచినావిడ ఆస్తి కరిగిపోవడంతో 19 ఏళ్లకే, 1869లో, అమెరికా చేరాడు. ఆకలితో అలమటించి, చివరికి సిన్సినాటిలో పత్రికా విలేఖరి అయ్యాడు.

అక్కడే 1874లో అలితియా ఫోలీ అనే నల్లజాతి స్త్రీని పెళ్లాడాడు. ఆవిడ బానిసగా పుట్టిన మనిషి. అప్పటి అక్కడి చట్టం అలాంటి పెళ్లిని ఒప్పుకోదు. ఆ పెళ్లి మూలంగా ఉద్యోగం ఊడింది. మూడేళ్లకే కాపురమూ చెదిరిపోయింది. ఆవిణ్ణి వదిలేసి ఊరే మారిపోయాడు. ఇక్కడ మాత్రం ఆయన్ని మెచ్చుకోలేం.

నలభయ్యో ఏట, 1890లో, జపాన్‌లో అడుగుపెట్టాడు. మాట్సుయే అనే చిన్న ఊళ్లో ఇంగ్లీషు మాస్టారి ఉద్యోగం దొరికింది. స్కూలు నుంచి రాగానే కోటు విప్పి కిమోనో కట్టుకోవడం, చాప మీద కూర్చోవడం, ఆ ఊరి తిండే తినడం ఆయనకి భలే నచ్చాయి. చలికాలం మాత్రం వణికించింది. జబ్బుపడి ఒంటరిగా ఉంటే చూసేవాళ్లు లేరు. అప్పుడే, 1891 తొలి రోజుల్లో, ఇంటిపని చూడడానికి సెత్సు అనే అమ్మాయి వచ్చింది.

ఆమె మామూలు పనిమనిషి కాదు. ఒకప్పుడు పెద్ద బతుకు బతికిన సమురాయ్ కుటుంబం ఆడపిల్ల. రాజ్యవ్యవస్థ మారి భరణాలు పోవడంతో ఆ ఇళ్లన్నీ కుదేలయ్యాయి. సెత్సు చిన్ననాడే మగ్గం ముందు కూర్చుంది. పెళ్లి చేస్తే ఆ భర్త పేదరికం భరించలేక వదిలేసి పోయాడు. ఇటు పుట్టింటి వాళ్లనీ, అటు పెంచినవాళ్లనీ పోషించాల్సిన భారం ఆమెదే. కొన్నాళ్లకి హెర్న్, సెత్సు ఆలుమగలయ్యారు. ఆయనకి జపనీస్ అంతంతమాత్రం, ఆమెకి ఇంగ్లీషు సున్నా. విభక్తులూ ప్రత్యయాలూ గాలికొదిలేసి, వాళ్లిద్దరికే అర్థమయ్యే ఓ వచ్చీరాని భాష తయారుచేసుకున్నారు. ఆమె ఇంగ్లీషు మాటల్ని తమ లిపిలో ఒక నోటుపుస్తకంలో రాసుకుని నేర్చుకునేది.

అదే ఏడు నవంబరులో జీతం ఎక్కువని కుమమోటో స్కూలుకి మారారు. సెత్సుని పెంచిన అమ్మానాన్నలూ, తాతగారూ కూడా వచ్చి చేరారు. మాస్టారి జీతం మీదే అందరి అన్నం.

ఆ స్కూలు ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? జూడో విద్యకి ఆద్యుడైన కానో జిగోరో! చిన్నప్పుడు పీలగా ఉన్నాడని తోటిపిల్లలు ఏడిపిస్తే, పంతం పట్టి జుజుత్సు నేర్చుకున్న మనిషి. 1882లో టోక్యోలో ఒక గుడిలో పన్నెండు చాపలు పట్టే గదిలో కొడోకాన్ అనే శిక్షణాలయం పెట్టాడు. కుమమోటో స్కూల్లోనూ సాధనకి పెద్ద హాలుండేది. నేలంతా చాపలు. చేతిలో ఆయుధం లేదు, నోట కేక లేదు. పిల్లలు చెప్పుల్లేని కాళ్లతో ఒకర్నొకరు పడేస్తుంటే హెర్న్ ఓ పక్కన కూర్చుని చూసేవాడు. తాను బరిలోకి దిగలేదు. కానీ అందులోని కిటుకు ఆయన మనసుకి పట్టేసింది. బలానికి బలంతో ఎదురు నిలవకూడదు. మీదికొచ్చేవాడి ఊపునే వాడుకుని, ఒదిగినట్టే ఒదిగి గెలవాలి. దానిమీద రాసిన పెద్ద వ్యాసం 1895లో వచ్చిన పుస్తకంలో ఉంది. పడమటి దేశాల విద్యని తీసుకుంటూనే తనని తాను పోగొట్టుకోని జపాన్‌లోనూ ఆయనకి అదే ఒడుపు కనిపించింది.

సంసారంలోనూ అలాంటి పట్టే ఎదురైంది. 1893లో కొడుకు కజువో పుట్టాడు. తాను బ్రిటిషు పౌరుడు. చట్టప్రకారం పెళ్లి నమోదు చేయిస్తే సెత్సు స్వదేశంలోనే పరాయిదైపోతుంది. చేయించకపోతే తన తదనంతరం తల్లీబిడ్డలకి హక్కులుండవు. హెర్న్ తనే ఒదిగాడు. 1896 ఫిబ్రవరిలో సెత్సు వాళ్ల కుటుంబంలో ఇల్లరికపుటల్లుడిగా చేరి, కొయిజుమి యకుమో పేరుతో జపాన్ పౌరుడయ్యాడు. కొయిజుమి సెత్సు పుట్టింటి పేరు. తనని వదిలి వెళ్లిన తల్లిని తలుచుకుని జీవితమంతా కుమిలినవాడు, తన బిడ్డ తల్లికి నిలవనీడ లేకుండా పోకూడదనుకున్నాడు.

అదే ఏడు టోక్యో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. ఉన్న ఒక్క కంటికీ చూపు తక్కువ కాబట్టి, ఎత్తయిన బల్ల చేయించుకుని కాగితం ముఖానికి ఆనించుకున్నట్టు రాసేవాడు. రాత్రిళ్లు దీపం తగ్గించి సెత్సు పాత దెయ్యాల కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవడానికి వీల్లేదు, తన సొంత మాటల్లోనే చెప్పాలి. ఆయన భయపడుతూ, మళ్లీ మళ్లీ చెప్పించుకుంటూ వినేవాడు. అలా పుట్టిందే 1904లో వచ్చిన క్వైదాన్ అనే కథల పుస్తకం. అంతకు ముందు ఏడాదే విశ్వవిద్యాలయం ఆయన్ని వదిలించుకుంది. విద్యార్థులు గొడవ చేసినా లాభం లేకపోయింది.

1904 సెప్టెంబరు 26న గుండె ఆగి, 54 ఏళ్లకే కన్నుమూశాడు. నలుగురు పిల్లల్లో ఆఖరిది చంటిపిల్ల. సెత్సు మరో 27 ఏళ్లకు పైగా బతికి వాళ్లని పెంచుకొచ్చింది. భర్త గురించిన జ్ఞాపకాల్ని పుస్తకంగా మిగిల్చింది.

క్వైదాన్ అట్ట మీద ఆ కథలు చెప్పిన ఇల్లాలి పేరు లేదు. మన అమ్మమ్మలు చెప్పిన కథలకి మాత్రం ఎవరి పేరుంది? కానీ జపాన్‌లో ఈనాటికీ ఆయన పుస్తకాల్లో చాలావాటి మీద అచ్చయ్యేది హెర్న్ అని కాదు, కొయిజుమి అనే. అది ఆవిడ ఇంటిపేరు.