తిట్టునే పుస్తకానికి పేరు పెట్టుకున్న నాజర్

మన ఊళ్లల్లో ఎవుర్నన్నా తక్కువ చెయ్యాలంటే నోటికొచ్చే తిట్లల్లో పింజారి ఒకటి. సినిమాల్లో కూడా వాడారు. అసలు పింజారి అంటే ఎవురు తమ్ముళ్లూ? మన చేలో పండిన పత్తిని ఏకి దూది చేసి ఇచ్చేవాడు. మనం మెత్తగా పడుకోటానికి తను దుమ్ము పీల్చినవాడు.

ఆ దూదేకుల కులంలో, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో షేక్ నాజర్ పుట్టాడు. పేద ఇల్లు. పొట్ట కోసం దర్జీ పని చేశాడు. పాటన్నా నాటకమన్నా చిన్నప్పట్నించీ పిచ్చి. 1940ల్లో ఆ గొంతు కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలికి దొరికింది.

బుర్రకథ పుట్టింది జంగాల ఇళ్లల్లో. ఇంటింటికీ తిరిగి కథ చెప్పి గింజలు అడుక్కునేవాళ్లు. దాన్ని ప్రజానాట్యమండలి వేలమంది కూచునే సభల్లోకి తెచ్చింది. నడుమ తంబురా పట్టుకుని, వేళ్లకి అందెలు తొడుక్కుని కథకుడు. అటొకడు, ఇటొకడు గుమ్మెట వాయిస్తా వంత పాడతారు. ఒకడు నవ్విస్తాడు, ఒకడు రాజకీయం మాట్లాడతాడు. అక్షరం రాని కూలోళ్లకి అదే పేపరు, అదే టీవీ.

1943లో బెంగాల్‌లో లక్షలమంది తిండి లేక చచ్చిపోయారు. నాజర్ ఆ కరువుని కథగా చెప్పాడు. పల్నాటి యుద్ధం చెప్పాడు, బొబ్బిలి యుద్ధం చెప్పాడు, అల్లూరి సీతారామరాజు చెప్పాడు. పాత కథ చెప్తానే ఇయ్యాల్టి సంగతి అందులో కలపటమే ఈ బుర్రకథ బలం. అందుకే అటు మద్రాసు సర్కారు, ఇటు నిజాం సర్కారు దాన్ని నిషేధించినయ్. తంబురాకి తుపాకీ ఉన్నోడు భయపడ్డాడన్నమాట!

1953లో గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు సినిమాలో కూడా నాజర్ బుర్రకథ ఉంది. 1986లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. ఒకప్పుడు నిషేధం పెట్టించుకున్న కళకే సర్కారు బిరుదు! 1997లో ఆయన కన్నుమూశాడు.

ఒక సాయిబు ప్రహ్లాదుడి కథ చెప్పాడు, క్రీస్తు కథా చెప్పాడు. ఎవురి కథ ఎవురు చెప్పాలో వాట్సాపుల్లో గిరి గీసేవాళ్లు ఈ మాట ఇనాలి.

తన బతుకుని పుస్తకంగా చెప్పి రాయించినప్పుడు నాజర్ దానికి పెట్టుకున్న పేరేందో తెలుసా? పింజారి. పద్మశ్రీ అని కాదు, బుర్రకథ పితామహుడని కాదు. పక్కోడు తిట్టుగా ఇసిరిన మాటని తీసి, దుమ్ము దులిపి, అట్ట మీద అచ్చేయించుకున్నాడు. మన కులాన్ని, మన పనిని, మన యాసని ఎవురన్నా ఎక్కిరిస్తే తల దించుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు ఆ పుస్తకం ఎతుక్కుని చదవండి.