ర్యాంకింగ్స్ లేని రోజుల్లోనే ప్రపంచంలో నాలుగో స్థానం.. మగాళ్లతో తలపడ్డ మసాకో కట్సురా ఎవరో తెలుసా?

పిఠాపురం బస్టాండ్‌లో బస్సు కోసం చూస్తూ ఫోన్‌లో పూల్ గేమ్ ఆడే కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు, ర్యాంక్ ఎంత పెరిగిందో వెంటనే చూసుకుంటారు. ఫోన్‌లో అది సరదా. కానీ పూల్‌నే వృత్తిగా చేసుకున్న మహిళలకు అదే బతుకుదెరువు. ర్యాంకింగ్‌లో పైనుంటేనే పెద్ద టోర్నీలో చోటు, మంచి డ్రా, స్పాన్సర్లు. మరి అసలు ఆ లిస్టే లేని రోజుల్లో ఓ మహిళ ఎంత బాగా ఆడితే మాత్రం ఎవరు గుర్తిస్తారు? ఈ ప్రశ్నకు జవాబే జపాన్ క్రీడాకారిణి మసాకో కట్సురా జీవితం.

బావ పార్లర్‌లో పని.. 15 ఏళ్లకే టైటిల్

మసాకో 1913 మార్చి 7న టోక్యోలో పుట్టారు. 12 ఏళ్ల వయసులో తండ్రి చనిపోయారు. ఆ తర్వాత అక్క, బావల దగ్గర పెరిగారు. బావకు బిలియర్డ్స్ పార్లర్ ఉండేది. 14 ఏళ్లకే మసాకో అక్కడ పనికి కుదిరారు. పని చేస్తూనే క్యూ పట్టడం నేర్చుకున్నారు. ఏడాది తిరక్కుండానే, అంటే 15 ఏళ్లకే జపాన్ మహిళల స్ట్రెయిట్ రైల్ ఛాంపియన్ అయ్యారు.

అక్కడితో ఆగలేదు. జపాన్ ఛాంపియన్ కిన్రే మత్సుయామా దగ్గర మెళకువలు నేర్చుకుని త్రీ-కుషన్ ఆటలో రాటుదేలారు. ఈ ఆట టేబుల్‌కు పాకెట్లు ఉండవు. ఉండేవి మూడే బంతులు. మన బంతి కనీసం మూడుసార్లు టేబుల్ అంచులకు తగిలిన తర్వాతే రెండో బంతిని కొట్టాలి. బిలియర్డ్స్‌లో కష్టమైన ఆటల్లో ఇదొకటి. మగవాళ్లతో పోటీపడి జపాన్ జాతీయ టోర్నీలో ఏకంగా మూడుసార్లు రెండో స్థానంలో నిలిచారు మసాకో.

ఒకరు చెబితేనే తలుపు తెరుచుకుంది

1950లో అమెరికా సైన్యంలో పనిచేసే వెర్నన్ గ్రీన్‌లీఫ్‌ను పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది అమెరికా వెళ్లారు. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. యుద్ధం ముగిసి పట్టుమని పదేళ్లు కూడా కాలేదు. చూపించుకోవడానికి ర్యాంక్ లేదు, సిఫార్సు చేసే మహిళా సంఘమూ లేదు.

ఆ సమయంలో మాజీ ప్రపంచ ఛాంపియన్ వెల్కర్ కోక్రన్ ఆమె ఆట చూశారు. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ త్రీ-కుషన్ టోర్నీలో ఆమెకు చోటు దక్కేలా చేశారు. అలా ప్రపంచ బిలియర్డ్స్ టైటిల్ కోసం బరిలోకి దిగిన తొలి మహిళగా మసాకో చరిత్ర సృష్టించారు. దిగ్గజం విల్లీ హోప్ చేతిలో ఓడినా, మొత్తమ్మీద ఏడో స్థానంలో నిలిచారు. 1953లో షికాగోలో ఐదో స్థానం. 1954లో బ్యూనస్ ఎయిరీస్‌లో నాలుగో స్థానం. 7, 5, 4.. ఏటా మెట్టు మెట్టుగా పైకే!

అసలు పాయింట్ ఇదే

ఇక్కడే ఆలోచించాలి. కోక్రన్ ఆ రోజు ఆమె ఆట చూడకపోతే? అంత ప్రతిభా బహుశా ఎగ్జిబిషన్ మ్యాచ్‌లకే పరిమితమయ్యేది. నిజానికి ఆ మూడు టోర్నీల తర్వాత కూడా ఆమెకు అవకాశాలు పెద్దగా రాలేదు. 1961లో ఛాంపియన్ హెరాల్డ్ వర్స్ట్‌తో తలపడి ఓడిపోయారు. ఆ తర్వాత ఆట నుంచి దాదాపు కనుమరుగయ్యారు.

అమెరికాలో మహిళా పూల్ క్రీడాకారిణులకు సొంత సంఘం, డబ్ల్యూపీబీఏ, 1976లో వచ్చింది. మహిళలకు ప్రపంచ నైన్-బాల్ ఛాంపియన్‌షిప్ 1990లో మొదలైంది. ఇప్పుడు టోర్నీలో సాధించిన స్థానాన్ని బట్టి పాయింట్లు, పాయింట్లను బట్టి ర్యాంక్. టాప్‌లో ఉన్న అమ్మాయి ఎవరి సిఫార్సు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఆమె నంబరే ఆమెకు ఎంట్రీ పాస్. మసాకోకు దక్కనిది సరిగ్గా అదే.

సంఘం పుట్టిన ఏడాదే మసాకోకు తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది. ఆమె 1990 ప్రాంతంలో జపాన్ వెళ్లిపోయారు. 1995లో కన్నుమూశారు. 2021 మార్చి 7న గూగుల్ ఆమె బొమ్మతో డూడుల్ పెట్టింది. ఆమె పేరును చాలామంది తొలిసారి విన్నది ఆ రోజే!