జెన్నీ లిండ్

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో తొమ్మిదేళ్ల బాలిక ఒకతె కిటికీ దగ్గర కూర్చుని తన పిల్లికి పాటలు పాడి వినిపించేది. ఒకనాడు ఆ వీధిన పోతున్న పరిచారిక ఒకామె ఆ గొంతు విని ఆగిపోయింది. ఆమె రాజనాటకశాలలోని ఒక నర్తకి ఇంట్లో పనిచేసేది. ఈ సంగతి యజమానురాలికి చెప్పింది. నర్తకి ఆ బాలికను పిలిపించి, పాట విని, నాటకశాలవారి శిక్షణాలయంలో చేరడానికి తోడ్పడింది.

ఆ బాలికే జెన్నీ లిండ్. 1820 అక్టోబరు 6న జన్మించింది. తల్లి చిన్న బడి నడిపేది. ఇల్లు గడవడమే కష్టం. నాటకశాల ఖర్చుతోనే జెన్నీ సంగీతం, నటన నేర్చుకున్నది.

ఆపెరా అంటే ఎక్కువగా పాటలతోనే కథ నడిచే నాటకం. స్త్రీల కంఠాలలో అన్నింటికంటె పై స్థాయిలో పాడగల దానిని సొప్రానో అంటారు. జెన్నీది అటువంటి కంఠం. 1838 మార్చి 7న వెబర్ ఆపెరాలో నాయిక ఆగాథేగా రంగస్థలం మీద నిలబడింది. ఒక్క రాత్రితో ఆమె పేరు నగరమంతా మారుమోగింది. తరువాత విశ్రాంతి లేకుండా ఒకదాని వెంట ఒకటిగా పెద్ద పాత్రలు ధరించింది. మైకులు లేని రోజులవి. వాద్యబృందాన్ని మించి చివరి వరుసకు వినిపించాలి. మూడేళ్లకే గొంతు బొంగురుపోయింది.

1841లో ఆమె పారిస్ చేరి, ప్రసిద్ధ గురువు మాన్యుయెల్ గార్సియా ఎదుట పాడింది. గొంతు పాడైపోయిందని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. ఆరు వారాలపాటు ఒక్క స్వరమైనా పాడకూడదనీ, మాట్లాడడం కూడా తగ్గించాలనీ నియమం పెట్టాడు. స్వదేశంలో అందరూ మెచ్చిన గాయని, ఇరవై ఏళ్ల వయసులో, పరాయి నగరంలో నోరు మెదపకుండా గడిపింది. ఆరు వారాల తరువాత గార్సియా ఆమెను శిష్యురాలిగా స్వీకరించాడు. చిన్నపిల్లలవలె స్వరాల ఆరోహణ, అవరోహణలతో మళ్లీ మొదలుపెట్టింది. ఊపిరి ఎక్కడ తీయాలో, ఎలా నిలపాలో నేర్చుకున్నది. 1842లో కొత్త గొంతుతో స్టాక్‌హోం చేరింది.

ఆ పైన కోపెన్‌హాగెన్, బెర్లిన్, వియన్నా, లండన్ నగరాలు ఆమెకు బ్రహ్మరథం పట్టాయి. రాత్రిపూట తీయగా కూసే ఐరోపా పిట్ట నైటింగేల్ పేరుతో ఆమెను ‘స్వీడన్ నైటింగేల్’ అని పిలిచారు. అయినా 1849 మే 10న లండనులో చివరి ఆపెరా పాడి, 28 ఏళ్లకే రంగస్థలం విడిచింది. కచేరీలు మాత్రం మానలేదు. 1850లో అమెరికా వెళ్లి బార్నమ్ ఏర్పాటు చేసిన 90కి పైగా కచేరీలలో పాడింది. ఆ రాబడిలో పెద్ద భాగం స్వీడనులో పేద పిల్లల బడులకు, ఇతర దానధర్మాలకు ఇచ్చింది. 1852లో పియానో విద్వాంసుడు ఆటో గోల్డ్‌ష్మిట్‌ను వివాహమాడి, కొన్నేళ్లకు ఇంగ్లండులో స్థిరపడింది.

భర్త నడిపిన బాక్ గాయకబృందం 1876లో బాక్ మహాకృతిని ప్రదర్శించినప్పుడు, ఆ బృందంలోని సొప్రానోలకు శిక్షణ ఇచ్చింది ఆమే. అంతటి గాయని వారి నడుమ ఒకతెగా నిలబడి పాడింది కూడా. 1883లో లండనులో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ ప్రారంభమైనప్పుడు గాత్ర ఆచార్యురాలైంది. గొంతు బాగుంటే చాలునని ఆమె ఒప్పుకొనేది కాదు. స్వరజ్ఞానం, పియానో, స్పష్టమైన ఉచ్చారణ, కనీసం ఒక విదేశీభాష రావాలని పట్టుబట్టేది. 1886 వరకు అక్కడ బోధించింది. 1887 నవంబరు 2న మాల్వెర్న్ కొండల దగ్గరి తన ఇంట్లో మరణించింది. గురువు గార్సియా ఆమె తరువాత మరో 18 ఏళ్లు జీవించాడు.