పక్షులకు బంధువు సాలిం అలీ

భారతీయ పక్షిశాస్త్రానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు సాలిం అలీ. ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించాడు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగాడు. బాల్యంలో ఆయనకు వేట అంటే మక్కువ. ఒకనాడు గాలితుపాకికి కూలిన పిచ్చుక కంఠం మీద పసుపు మచ్చ కనిపించింది. అది ఏ జాతిదో తెలుసుకోగోరి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డును ఆశ్రయించాడు. ఆయన బాలుని ఆదరించి, భద్రపరచిన పక్షుల నమూనాలను చూపాడు. ఆ పిచ్చుకే సాలిం అలీ జీవితాన్ని మలుపు తిప్పింది.

తరువాత బర్మాలో వ్యాపారం, మ్యూజియంలో కొలువు, బెర్లిన్‌లో స్ట్రెసెమన్ వద్ద శిక్షణ. 1930లో స్వదేశానికి తిరిగివచ్చేసరికి కొలువు లేదు. అప్పుడు ఆయనకు అండగా నిలిచింది మన నేలే. ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కరలేదన్న నియమంతో 1931-32లో హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేశాడు. భార్య తెహ్మినా ఆ ప్రయాణాలలో ఆయనకు తోడుగా నిలిచింది. సంస్థానాలలో ఆయన జరిపిన సర్వేలకు ఇదే నాంది.

1959 తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో వలసపక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే బృహత్కార్యానికి ఆయన నాయకత్వం వహించాడు. భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన బాతులు సైబీరియాలో దొరికాయి. వలసపక్షులలో అనేకం రాత్రివేళనే పయనిస్తాయి. నక్షత్రాలు, భూఅయస్కాంత క్షేత్రం వాటికి దారి చూపుతాయి. మానవుడు వెలిగించిన దీపాలు ఆ దారిని చెరుపుతాయి. పక్షులు వెలుగు చుట్టూ తిరిగి తిరిగి అలసి, అద్దాల మేడలకు కొట్టుకొని నేలరాలుతాయి.

అస్సాంలోని జటింగా గ్రామంలో మంచు కమ్మిన చీకటి రాత్రులలో పక్షులు దీపాల మీదికి వచ్చి పడుతుండేవి. ఇది దయ్యాల పని అని అక్కడివారు నమ్మేవారు. 1960ల ప్రాంతంలో ఇ.పి. జీ అనే ప్రకృతి పరిశీలకుడు, సాలిం అలీ ఆ వింతను స్వయంగా పరిశీలించారు. అక్కడివి ఎక్కువగా స్థానిక పక్షులే, వలసపక్షులు కావు. అయినను వెలుతురుకు అవి లోబడిన తీరు గమనింపదగినది.

ఇందుకు మన పరిసరాలూ మినహాయింపు కావు. దిల్‌సుఖ్‌నగర్ అంగళ్ల బోర్డులు, ఎల్.బి.నగర్ కూడలి దీపస్తంభాలు రాత్రిని పగలు చేస్తున్నాయి. 1626లో నిర్మింపబడిన సరూర్‌నగర్ చెరువు వీటి చెంతనే ఉన్నది. దానికి కొంత దూరంలో, వనస్థలిపురం వద్ద, మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. శీతకాలపు వలస దినాలలో అర్ధరాత్రి దాటాక ప్రకటనల దీపాలను ఆర్పినా, వీధిదీపాలకు వెలుతురు నేలకే పడేలా మూతలు పెట్టినా మన రాకపోకలకు ఇబ్బంది కలుగదు. 1990లలో టొరంటో, షికాగో నగరాలలో ఇటువంటి ప్రయత్నాలు మొదలైనవి.

సాలిం అలీ తొంభయ్యవ ఏట మన కడప జిల్లా నుండి ఒక శుభవార్త అందింది. 1900 తరువాత ఎవరి కంటా పడని కలివికోడి 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపాన దొరికింది. అది నిశాచరి. రాత్రివేళ టార్చిలైటు వెలుగులో ఒక వేటగాడు దానిని పట్టుకొన్నాడు. సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని గుర్తించాడు. కాని ఆ పక్షి ఎంతోకాలం బ్రతకలేదు.

పద్మవిభూషణుడు, రాజ్యసభ సభ్యుడు అయిన సాలిం అలీ 1987 జూన్ 20న కన్నుమూశాడు. మరుసటి ఏడాది కలివికోడి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.