ఒక్కో గదికి ఇద్దరే: వుల్ఫ్‌గాంగ్ పౌలీ జీవితం

సోడియం పరమాణువులో ఎలక్ట్రానుల అమరిక ఏమిటని ఇంటర్ చదివిన ఎవరిని నిద్రలేపి అడిగినా రెండు, ఎనిమిది, ఒకటి అని టకటకా చెప్పేస్తారు. మరి మొదటి కర్పరంలో రెండే ఎందుకుండాలి? పదకొండు ఎలక్ట్రానులూ శక్తి తక్కువగా ఉన్న ఆ మొదటి చోటికే చేరిపోవచ్చు కదా! అలా చేరిపోతే నీళ్ళలో వేయగానే భగ్గుమనే సోడియానికీ, దేనితోనూ కలవని నియాన్‌కూ ఇంత తేడా ఉండేది కాదు. ఈ చిక్కుముడి విప్పినవాడు వుల్ఫ్‌గాంగ్ పౌలీ.

పౌలీ 1900 ఏప్రిల్ 25న వియన్నాలో జన్మించాడు. మ్యూనిక్‌లో సోమర్‌ఫెల్డ్ శిష్యుడుగా 1921లో డాక్టరేట్ పొందాడు. ఆ ఏడే సాపేక్ష సిద్ధాంతం మీద ఒక విజ్ఞాన సర్వస్వానికి అతడు రాసిన రెండు వందల పైచిలుకు పేజీల వ్యాసం వెలువడింది. దాన్ని ఐన్‌స్టీన్ అంతటివాడు మెచ్చుకున్నాడు. అప్పటికి కుర్రవాడి వయసు ఇరవై ఒకటే!

1922లో పౌలీ కోపెన్‌హేగెన్‌లో బోర్ దగ్గరికి వెళ్ళాడు. ఎలక్ట్రానులు కర్పరాల్లో ఉంటాయని బోర్ అప్పటికే చెప్పాడు గానీ, ఒక కర్పరం ఎందుకు నిండిపోతుందో చెప్పలేకపోయాడు. పైగా అయస్కాంత క్షేత్రంలో వర్ణపట రేఖలు ఎవరి లెక్కకూ అందకుండా చీలిపోతున్నాయి. ఆ సమస్య పౌలీకి మనశ్శాంతి లేకుండా చేసింది.

హాంబర్గ్‌లో అధ్యాపకుడయ్యాక, ఆంగ్ల శాస్త్రవేత్త స్టోనర్ 1924లో రాసిన వ్యాసం దారి చూపింది. ఎలక్ట్రాన్‌ను వర్ణించడానికి మూడు క్వాంటం సంఖ్యలు చాలవు, రెండే విలువలు గల నాలుగోది కావాలన్నాడు పౌలీ. ఒక పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రానులకూ ఈ నాలుగు సంఖ్యలూ ఒకటే కాకూడదు. ఇదే 1925 నాటి పౌలీ వర్జన నియమం. మొదటి కర్పరంలో మొదటి మూడు సంఖ్యలకు ఒక్కటే కూర్పు, అంటే ఒక్కటే గది. గదికి ఇద్దరే కనుక రెండు ఎలక్ట్రానులు. రెండో కర్పరంలో నాలుగు గదులు, ఎనిమిది ఎలక్ట్రానులు. పదకొండోది చేసేది లేక ఒంటరిగా మూడో కర్పరానికి పోతుంది. సోడియం చురుకుదనమంతా ఆ ఒంటరిదాని వల్లనే.

పౌలీ నోరు మాత్రం బహు పదును. ఆ నాలుగో సంఖ్యకు ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను తిరగడమే కారణమని 1925 జనవరిలో క్రోనిగ్ అనే యువకుడు చెబితే ఎగతాళి చేశాడు. క్రోనిగ్ ఆ ఊహను ప్రచురించకుండా ఊరుకున్నాడు. నెలలు తిరక్కుండానే ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ దాన్ని ప్రచురించి పేరు పొందారు. పౌలీ కూడా మరుసటి ఏడు ఒప్పుకోక తప్పలేదు.

పరమాణువుకు క్రమం నేర్పినవాడి సొంత జీవితం మాత్రం చెదిరిపోయింది. 1927లో తల్లి ఆత్మహత్య చేసుకుంది. 1929లో చేసుకున్న పెళ్ళి ఏడాదిలోనే విడాకులతో ముగిసింది. ఆ దుఃఖపు రోజుల్లోనే, 1930 డిసెంబరులో, న్యూట్రినో ఉండి తీరాలని ఊహించాడు. 1956లో అది ప్రయోగంలో దొరికింది. 1934లో ఫ్రాంకాతో జరిగిన వివాహం అతణ్ణి నిలబెట్టింది.

వర్జన నియమానికి 1945లో నోబెల్ బహుమతి వచ్చింది. అయినా తన నియమానికి మూల కారణం చూపలేకపోయానన్న అసంతృప్తిని నోబెల్ ఉపన్యాసంలోనే బయటపెట్టాడు. ఇతరుల పనినే కాదు, తన పనినీ ఆయన అంత నిర్దాక్షిణ్యంగానే చూసుకున్నాడన్నమాట! 1958 డిసెంబరు 15న జ్యూరిక్‌లో కన్నుమూశాడు.

విద్యార్థి మిత్రులు పౌలీ నుంచి నేర్చుకోవలసింది ఆ నిజాయితీ. క్రోనిగ్ నుంచి నేర్చుకోవలసిందీ ఒకటుంది: పెద్దవాళ్ళు నవ్వినంత మాత్రాన మన ఆలోచనను చించి పారేయకూడదు.